పదిహేడో జవాబు

"ఆ ఆరూ నేనే నొక్కాను," అన్నాడు మార్టిన్.

జూడీ చేతిలో ఉత్తరం ఉంది. యూనివర్సిటీ పంపిన మెయిల్‌ని భిలాయి పవర్‌హౌస్ దగ్గరి నెట్ షాపులో ప్రింటు తీయించి, రెండు రోజులుగా చేతిసంచిలో పెట్టుకు తిరిగింది. ఈ రోజే తండ్రికి చూపించింది.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. శనివారం నాటి పరీక్షలో ఇరవై ప్రశ్నలు. పద్నాలుగింటికి జవాబులు బొబ్బిలి నుంచి వచ్చాయి, ఆరింటికి భిలాయి నుంచి వచ్చాయి. ఒకే మనిషి ఒక్క గంటలో రెండు ఊళ్ళలో ఎలా ఉన్నదో చెప్పాలి. గురువారం సాయంత్రం ఐదింటికి కోర్సు కోఆర్డినేటర్ ఫోన్ చేస్తారు. సమాధానం సరిపోకపోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు.

గురువారం ఈ రోజే. గోడ గడియారంలో మూడుంపావు.

"మళ్ళీ చెప్పు డాడీ."

"పదిహేను నుంచి ఇరవై దాకా. ఆరూ కరెక్టే. కావాలంటే చూసుకో."

"కరెక్టా కాదా అని ఎవరడిగారు?"

మార్టిన్ బనీను మీద ఇంకా ఫౌండ్రీ మసి ఉంది. రెండింటికి షిఫ్టు దిగి హథ్‌ఖోజ్ నుంచి సైకిల్ మీద వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు గానీ అన్నానికి కూర్చోలేదు.

"బొబ్బిలి నుంచి సోమవారం వచ్చాను నేను. ఇవాళ గురువారం. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చూస్తావనుకున్నాను. చూసి అడుగుతావనుకున్నాను."

"అడిగితే?"

"నేనే చేశానని చెబుదామనుకున్నాను."

జూడీకి అర్థమైంది. తండ్రి మెచ్చుకోలు కోసం మూడు రోజులు ఎదురు చూశాడు.

వంటగది గుమ్మంలో పీట వేసుకుని కృపమ్మ బెండకాయలు కోస్తోంది. తల ఎత్తలేదు.

"ఎవరు పొమ్మన్నారో అడగవే మీ డాడీని," అంది.

"ఎవరూ పొమ్మనలేదని చెప్పు మీ అమ్మకి," అన్నాడు మార్టిన్.

పదహారు రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. జూడీ బొబ్బిలిలో ఉన్న వారం రోజులు మధ్యలో మనిషి లేదు. ఆ వారం మాటలు కూడా లేవు.

పదహారు రోజుల కింద కృపమ్మ తమ్ముడు షాలేమ్ మీద ఫౌండ్రీ ఆఫీసులో విచారణ జరిగింది. షాలేమ్ అక్కడే డ్రిల్ మెషిన్ మీద పనిచేసేవాడు. అంతకు ముందు నెలలో కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ సమయానికి షెడ్డులో పక్క బేలో ఉన్నవాడు మార్టిన్ ఒక్కడే. అతణ్ణి పిలిచి ఒక్క ప్రశ్న అడిగారు. ప్రమాదం జరిగినప్పుడు షాలేమ్ చేతికి గ్లవ్స్ ఉన్నాయా? లేవని చెప్పాడు మార్టిన్. గ్లవ్స్ అందరికీ ఇచ్చారా? ఇచ్చారని చెప్పాడు. సంతకం పెట్టాడు. తప్పు షాలేమ్‌దేనని కాగితం మీద రాసి, అతణ్ణి పనిలోంచి తీసేశారు.

డ్రిల్ చుట్టూ ఉండాల్సిన ఇనుప జాలీ గార్డు రెండు నెలలుగా లేదు. ఆ సంగతి మార్టిన్‌కు తెలుసు. దాని గురించి ఎవరూ అడగలేదు.

ఏం అడిగారో, ఏం చెప్పాడో ఇంట్లో వివరంగా చెప్పలేదు అతను. "అడిగింది చెప్పాను. నిజమే చెప్పాను," అన్నాడు. ఆ రాత్రి నుంచి కృపమ్మ మాట్లాడలేదు.

"అసలు నెట్ షాపుకి నువ్వెందుకు వెళ్ళావు డాడీ?" అంది జూడీ.

మార్టిన్ లేచి తలుపు వెనక మేకుకి ఉన్న క్యాలెండర్ కాగితం తీశాడు. పాత సంవత్సరంది. వెనక వైపు అతని చేతిరాత. కోర్సులో చేరిన రోజున యూనివర్సిటీ పంపిన సూచనల్ని జూడీ ఇంగ్లీషులోంచి చదివి చెబుతుంటే, ఫౌండ్రీలో గోడ మీద రాసినట్టు నంబర్లు వేసి రాసుకున్నాడు.

"నాలుగోది చదువు."

జూడీ చదవలేదు. ఆమెకు కంఠతా వచ్చు. వారానికి ఒక్కసారైనా లోపలికి వెళ్ళి హాజరు పడేలా చూసుకోవాలి. ఏడు రోజులు కనబడకపోతే పేరు కొట్టేస్తారు.

"నువ్వు ఆదివారం బండెక్కావు. శనివారానికి ఏడోరోజు. నీ దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. మీ అమ్మమ్మ జ్ఞాపకార్థ కూటానికి వెళ్ళినదానివి, అక్కడ నెట్ ఉందో లేదో నాకేటి తెలుసు? టోకెన్ ఎత్తకపోతే నాగా పడిపోద్ది."

"ఎస్టీడీ షాపుకి ఫోన్ చేసి చెప్పాను కదా. అయినా ఇది టోకెన్ కాదు."

"నాకెవరూ చెప్పలేదు. హాజరే కదా."

ఫౌండ్రీ గేటు దగ్గర బోర్డుకి ఇత్తడి టోకెన్లు వేలాడుతుంటాయి. లోపలికి వెళ్ళేవాడు తన నంబరు టోకెన్ ఎత్తి పెట్టెలో వెయ్యాలి. తోటివాడికి ఆలస్యమైతే పక్కవాడు ఎత్తేస్తాడు. మార్టిన్ ఇరవై ఆరేళ్ళలో చాలామందికి ఎత్తాడు. అతనికీ ఎత్తారు.

"నువ్వు పుట్టిన రోజున నా టోకెన్ యర్రయ్య ఎత్తాడు. నేను హాస్పిటల్లో ఉన్నాను. ఎత్తకపోతే నిన్ను రెండో రోజుకి గానీ చూసేవాణ్ణి కాదు."

"ఆ కథ తర్వాత. హాజరు పడగానే వచ్చెయ్యొచ్చు కదా. జవాబులెందుకు పెట్టావు?"

"పరీక్ష తెరిచి ఉంది."

మార్టిన్ మంచం అంచున కూర్చున్నాడు.

"షాపాయన నీ పేరూ ఆ నంబరూ కొట్టి ఇచ్చాడు. హాజరు ఎక్కడ వెయ్యాలా అని చూస్తన్నాను. పదిహేనో ప్రశ్న ఎదురుగా ఉన్నాది. పక్కని గడియారం ఎనక్కి నడుస్తోంది. ఇరవై రెండు నిమిషాలుంది. సగం పనిలో ఎవరో వదిలేసి వెళ్ళిపోయినట్టుంది. కొలిమి నడుస్తుంటే షిఫ్టు వదిలేసి వస్తామేటి? ముందువాడు వదిలిన కాణ్ణించి వచ్చినవాడు అందుకోవాలి."

"నేను వదిలెయ్యలేదు. అక్కడ కరెంటు పోయింది."

"నాకేటి తెలుసు? ప్రశ్నలు హిందీలోనూ ఉన్నాయి. చదివాను. అన్నీ మా పనే. గరిటెలో తడి ఉంటే ఏటవుద్ది, గొలుసు ఎప్పుడు మార్చాలి, గ్యాస్ బండలు ఎక్కడ పెట్టాలి. నీ పుస్తకాల్లో ఇవే ఉంటాయని నాకు తెలీదు."

జూడీ చదువుతున్నది పారిశ్రామిక భద్రతలో డిప్లొమా. జాముల్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ సేఫ్టీ సెల్‌లో ఏడాదిగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. డిప్లొమా చేతికొస్తే జూన్ నుంచి పర్మనెంటు చేస్తామన్నారు. మిగిలింది ఈ ఒక్క పేపరు.

"తొమ్మిదోది రాశావా ఇందులో?" అంది ఆమె.

మార్టిన్ కాగితం చూశాడు. రాశాడు. పరీక్ష మధ్యలో లైను పోతే ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు, వెంటనే యూనివర్సిటీకి ఫోన్ చెయ్యాలి.

"నేను చేశాను. బొబ్బిలిలో ఎదురు షాపు నుంచి, రెండు నిమిషాల్లో. మిగిలిన ఆరూ సోమవారం రాద్దువుగాని, అలా వదిలెయ్ అన్నారు. సోమవారం తెరిస్తే పూర్తయింది అని ఉంది."

"మరి ఏడోది ఏదే?" అంది గుమ్మంలోంచి కృపమ్మ.

కాగితం మీద ఆరు తర్వాత ఎనిమిది ఉంది. మధ్యలో గీత గీసి, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉన్నాయి. అవి జూడీ చేతిరాతలో ఉన్నాయి.

ఏడో సూచన, పాస్‌వర్డ్ కన్న తల్లిదండ్రులకైనా చెప్పకూడదని. ఆ రోజు జూడీ అది చదివితే ముగ్గురూ నవ్వారు. నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారని మార్టిన్ అడిగాడు. జూడీ పెన్ను తీసుకుని తనే రాసింది.

"నా తప్పూ ఉంది," అంది జూడీ.

"తప్పుల లెక్క తర్వాత," అంది కృపమ్మ. "ఫోనులో ఏటి చెప్తావు?"

"మంగళవారమే చెప్పేశాను అమ్మా." జూడీ ఉత్తరం మడిచింది. "మెయిల్ రాశాను. నా పాస్‌వర్డ్ మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇది కంప్యూటర్ పొరపాటు అని."

మార్టిన్ తలెత్తాడు. "అలాగ రాశావా?"

"అప్పుడు నాకు తెలీదు కదా నువ్వని."

"పాస్‌వర్డ్ నాకు తెలుసని తెలుసు కదా."

జూడీ ఉత్తరాన్ని ఇంకో మడత పెట్టింది.

"రాసింది రాసిందే. ఆ మాట మీదే ఉండు," అంది కృపమ్మ. "బొబ్బిల్లో ఉన్నాను, అక్కడే రాశాను, మిగతాది నాకు తెలీదను. పవర్‌హౌస్ షాపులో ఎవరు కూర్చున్నారో ఆ పైనున్నోళ్ళకి ఏటి తెలుస్తాది?"

"షాపులో పుస్తకం ఉంది. పేరు, టైము రాసి సంతకం పెట్టాను," అన్నాడు మార్టిన్.

"సంతకాలు పెట్టడానికి ముందుంటాడు."

మార్టిన్ విన్నాడు. క్యాలెండర్ కాగితాన్ని మళ్ళీ మేకుకి తగిలించాడు.

"అడగవే," అంది కృపమ్మ. కత్తిపీట పక్కకి జరిపింది. "నా తమ్ముడు ఎడంచేత్తో అన్నం తింటున్నాడు. వాడి మీద నిజం చెప్పొచ్చాడు. కూతురి దాకా వచ్చింది ఇప్పుడు. ఈ రోజు ఏటి చెప్తాడో అడుగు."

జూడీ తండ్రి వైపు చూసింది. అడగలేదు.

"నన్ను పిలిస్తే అడిగింది చెప్తాను," అన్నాడు మార్టిన్.

"ఇన్నావా?"

"అమ్మా, బస్, ఇంక చాలు."

"ఏడాదంతా పొద్దుట జాముల్, సాయంత్రం ఆ నెట్ షాపు అని తిరిగావు. ఫ్లాపీలో దాచుకో, పక్కన కాగితం మీద రాసుకో, ముందురోజే పంపు అని నీకు నువ్వే చెప్పుకునేదానివి. ఒక్క వారం పోనివ్వలేదు. పిల్లది చేసిందంతా ఒక్క మాటతో పోద్ది. పోనీ అంటాడు. అడిగింది చెప్పాను అంటాడు."

కృపమ్మ కత్తిపీట మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

మార్టిన్ లేచి బనీను మీద చొక్కా తొడుక్కున్నాడు. అన్నం తినలేదు. కృపమ్మ పెట్టలేదు, అతను అడగలేదు.

"నాలుగున్నరకి బయల్దేరుదాం," అన్నాడు కూతురితో.

*

సురేంద్రనాథ్ ఎస్టీడీ షాపు క్యాంప్ 2 మార్కెట్ సందులో ఉంది. బోర్డు మీద మధ్యప్రదేశ్ అన్న చోట తెల్లరంగు వేసి ఛత్తీస్‌గఢ్ అని రాయించాడు. కింద పాత అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. రెండు సందుల వాళ్ళకు ఆ షాపు ఫోనే ఫోను. అప్లికేషన్లలో అందరూ అదే నంబరు ఇస్తారు. ఫోన్ వస్తే మనిషిని పంపి పిలిపిస్తాడు, లేదా చీటీ రాసి ఇస్తాడు.

"రండి మార్టిన్ భయ్యా. క్యాబిన్ ఖాళీగా ఉంచాను. ఐదింటికే కదా," అన్నాడు.

జూడీ స్టూలు మీద కూర్చుంది. మార్టిన్ నిలబడ్డాడు.

"ఏం బేటీ, ముఖం అలా ఉంది? పరీక్ష బాగా రాయలేదా బొబ్బిల్లో?"

"నేను చెప్పిన కబురు ఇంట్లో ఇవ్వలేదా అంకుల్?"

"ఇవ్వకేం? మర్చిపోతానా? శనివారం పొద్దున్న ఫోన్ చేశావు."

"ఎవరికి ఇచ్చారు ఆ కబురు?" అన్నాడు మార్టిన్.

సురేంద్రనాథ్ అతని వైపు, జూడీ వైపు చూశాడు. అరలోంచి పుస్తకం తీశాడు. వచ్చిన ఫోన్లు, ఇచ్చిన చీటీలు అందులో రాస్తాడు. వేలితో వెతికి చూపించాడు. శనివారం, పది ఇరవై. బొబ్బిలి నుంచి జూడీ. పక్కన, చీటీ కృపమ్మ గారికి ఇచ్చినట్టు టిక్కు.

"నేనే స్వయంగా ఇచ్చాను. అక్క మార్కెట్‌కి బియ్యానికి వచ్చింది, చేతిలో పెట్టాను. ఏమైంది భయ్యా?"

మార్టిన్ పుస్తకంలోని ఆ వరసను రెండుసార్లు చదివాడు.

ఆ శనివారం అతను రెండున్నరకి ఇంటికి వచ్చాడు. కృపమ్మ కంచం పెట్టింది. తిన్నాడు. స్నానం చేశాడు. తలుపు వెనక నుంచి క్యాలెండర్ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కృపమ్మ మూడడుగుల దూరంలో నిలబడి చూసింది. అతను చెప్పులేసుకుని వెళ్ళాడు.

"అమ్మకి తెలుసా?" అంది జూడీ.

మార్టిన్ పుస్తకం మూసి సురేంద్రనాథ్‌కి ఇచ్చాడు.

"టైమెంతైంది?" అన్నాడు.

"పావు తక్కువ ఐదు."

జూడీ లేచి సందులోకి చూసింది. మార్కెట్ మలుపులోంచి కృపమ్మ వస్తోంది. చీర మార్చుకోలేదు. చేతిలో చర్చి పాటల పుస్తకం ఉంది.

షాపు మెట్టు దగ్గర ఆగి, పుస్తకంలోంచి చీటీ తీసి జూడీకి ఇచ్చింది.

సురేంద్రనాథ్ చేతిరాత. శనివారం ఉదయం పది ఇరవై. జూడీ బొబ్బిలి నుంచి. పరీక్ష నాలుగింటికి ఇక్కడే రాస్తాను. డాడీ నెట్ షాపుకి వెళ్ళక్కర్లేదని చెప్పండి.

"ఎందుకు చెప్పలేదో మీ అమ్మని అడుగు," అన్నాడు మార్టిన్.

"నాతో మాట్లాడని మనిషికి నేనెలా చెప్తానో అడుగు."

"మాట్లాడనిది ఎవరు?"

"అదీ అడుగు."

"నన్ను అడగొద్దు," అంది జూడీ. "ఇద్దరూ నన్ను అడగొద్దు. అమ్మా, డాడీ ఆ కాగితం జేబులో పెట్టుకోవడం చూశావా?"

కృపమ్మ పాటల పుస్తకాన్ని రెండో చేతిలోకి మార్చుకుంది.

"చూశాను."

"ఎక్కడికి వెళ్తున్నాడో తెలుసా?"

"తెలుసు. పోతే పోనీ అనుకున్నాను. ఊరికే పోయి ఊరికే వస్తాడు, కాళ్ళు నొప్పెడతాయి అనుకున్నాను. ఇంతే. జవాబులు పెడతాడని నాకేటి తెలుసు?"

సురేంద్రనాథ్ తల గోక్కున్నాడు. "అక్కా, ఈ చీటీ మంచిదే కదా. జూడీ వద్దని చెప్పినట్టు సాక్ష్యం ఉంది. ఫోన్ చేసేవాళ్ళకి చదివి వినిపించండి."

"చదివితే," అంది జూడీ, "డాడీ వెళ్ళి తెరవగలడని నాకు ముందే తెలుసని దీంట్లోనే ఉంది. పాస్‌వర్డ్ ఇచ్చానని నేనే ఒప్పుకున్నట్టు. మంగళవారం రాసింది అబద్ధమని ఒప్పుకున్నట్టు."

"చదవకపోతే?"

"చదవకపోతే నాకు బదులు పరీక్ష రాయడానికి నేనే మనిషిని పెట్టానంటారు."

సందులో ఒక ఆటో ఆగి వెళ్ళింది.

"చీటీ తెచ్చింది చదవడానికి కాదు," అంది కృపమ్మ. "నా దగ్గర ఉండకూడదని తెచ్చాను. చింపెయ్. మెషిన్ తప్పని ఉండు. మీ డాడీని ఇంటికి పంపెయ్."

మార్టిన్ క్యాబిన్ తలుపు తీసి పక్కన నిలబడ్డాడు. వెళ్ళలేదు.

ఐదింటికి రెండు నిమిషాల ముందు ఫోన్ మోగింది.

*

జూడీ రిసీవర్ తీసింది. క్యాబిన్ తలుపు వెయ్యలేదు.

అవతలి గొంతు తెలుగులో మాట్లాడింది. "హైమవతిని. కోఆర్డినేటర్‌ని. జూడీయేనా?"

"అవును మేడమ్."

"నీ మెయిల్ నా ముందు ఉంది. పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదని రాశావు. ఆ మాట మీదే ఉన్నావా?"

జూడీ చేతిలో చీటీ ఉంది. గుమ్మం దగ్గర తల్లి, తలుపు పక్కన తండ్రి. మార్టిన్ ఆమె వైపు చూడడం లేదు. నేల వైపు చూస్తున్నాడు.

"లేదు మేడమ్," అంది జూడీ. "ఆ మెయిల్‌లో రాసింది నిజం కాదు. మా డాడీకి తెలుసు. నేనే రాసి ఇచ్చాను."

కృపమ్మ మెట్టు మీద కూర్చుంది.

జూడీ చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగో సూచన, బొబ్బిలి కరెంటు, చీటీ, అన్నీ వరసగా చెప్పింది. చీటీ చదివి వినిపించింది. తల్లి దాన్ని ఎందుకు ఇవ్వలేదో చెప్పలేదు. ఇంట్లో అందలేదని మాత్రం చెప్పింది.

హైమవతి మధ్యలో అడ్డు రాలేదు.

"లైను పోయిన రెండు నిమిషాల్లో మాకు ఫోన్ చేశావు. నాలుగు ముప్పై ఒకటి. మా రికార్డులో ఉంది. అది నీకు మంచిది. పాస్‌వర్డ్ ఇవ్వడం మంచిది కాదు. ఇచ్చాక ఎవరికీ తెలియదని రాయడం ఇంకా మంచిది కాదు. తెలియనప్పుడు, నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను అని రాయాలి. సేఫ్టీ చదువుతున్నదానివి. ప్రమాదం రిపోర్టు ఇలాగే రాస్తావా?"

"లేదు మేడమ్."

"మీ నాన్నగారు ఉన్నారా అక్కడ?"

జూడీ రిసీవర్ ఇచ్చింది. మార్టిన్ చెయ్యి చొక్కాకి తుడుచుకుని అందుకున్నాడు.

"మార్టిన్ గారేనా?"

"హాజిర్, మేడమ్," అన్నాడు. గేటు దగ్గర పేరు పిలిస్తే అలాగే అంటాడు.

"ఆ ఆరు జవాబులూ మీరే పెట్టారా?"

"నేనే. అమ్మాయికి తెలీదు. నాకు ఈ రోజు మధ్యాహ్నం దాకా అది తప్పని తెలీదు."

"పుస్తకం చూసి పెట్టారా?"

"పుస్తకం చూడలేదు. నేను ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్ళు చేశాను. చూసిందే పెట్టాను."

"మీరు చెప్పింది రాసుకున్నాను. శనివారం కమిటీలో పెడతాను. ఏం తేలుస్తారో నేను ఇప్పుడు చెప్పలేను. మళ్ళీ పరీక్ష పెట్టొచ్చు. పేరు తీసెయ్యనూ వచ్చు." కాగితం తిరగేసిన చప్పుడైంది. "మీరు పెట్టిన ఆరింట్లో ఐదు సరైనవి."

"ఆరూ సరైనవే, మేడమ్."

"ఐదు. పదిహేడో జవాబు తప్పు."

మార్టిన్ గుర్తు చేసుకున్నాడు. పదిహేడో ప్రశ్న డ్రిల్ మెషిన్ గురించి. పనివాడు చెయ్యవలసింది ఏది? నాలుగు జవాబులుంటే మొదటిదే నొక్కాడు. అందులో ఆలోచించేది ఏముందనుకున్నాడు.

"గ్లవ్స్ వేసుకోవాలని పెట్టాను."

"అదే తప్పు."

"ఎలా తప్పవుద్ది? గ్లవ్స్ లేకపోతే చెయ్యి పోద్ది."

"తిరిగే డ్రిల్ దగ్గర గ్లవ్స్ ఉంటేనే పోతుంది. గుడ్డ చుట్టుకుని చేతిని లోపలికి లాగేస్తుంది. అక్కడ చేతికి ఏమీ ఉండకూడదు. డ్రిల్ చుట్టూ గార్డు ఉండాలి. గార్డు లేకపోతే మెషిన్ ఆన్ చెయ్యకూడదు. ఆరో పాఠంలో ఉంది. మీ అమ్మాయిని చూపించమనండి."

మార్టిన్ క్యాబిన్ గోడకి ఆనుకున్నాడు.

"గ్లవ్స్ వేసుకోకపోవడం పనివాడి తప్పు కాదా?"

"డ్రిల్ దగ్గరా? కాదు. వేసుకోనివాడే సరిగ్గా ఉన్నట్టు."

రిసీవర్ చెవి దగ్గరే ఉంది. జూడీ తండ్రి ముఖం చూసి దగ్గరికి జరిగింది.

"ఇంకేమైనా చెప్పాలా మార్టిన్ గారూ?"

"ఆ మాట కాయితం మీద రాసి ఇస్తారా మేడమ్?"

"ఏ మాట?"

"గ్లవ్స్ మాట. గార్డు మాట. మీ సంతకంతో."

"అది పుస్తకంలో అచ్చయిన మాటే కదండీ. నా సంతకం ఎందుకు?"

మెట్టు మీద నుంచి కృపమ్మ వెనక్కి తిరిగింది. ఆమెకు వినబడినవి మార్టిన్ మాటలే.

"ఏటంటోందే ఆవిడ? తీసేస్తారంటోందా?" అని జూడీని అడిగింది.

జూడీకి తెలియదు.

మార్టిన్ రిసీవర్‌ని అరచేత్తో మూశాడు.

"కృపా," అన్నాడు. "షాలేమ్ ఇంటి దగ్గర ఉన్నాడా?"

పదహారు రోజుల తర్వాత ఆ పేరుతో పిలవడం అదే మొదలు. సురేంద్రనాథ్ పుస్తకంలోకి తల వంచాడు.

కృపమ్మ లేచి నిలబడింది. జూడీ వైపు చూడకుండా తిన్నగా భర్తనే అడిగింది.

"వాడితో నీకేటి పని?"

అతని అరచేతి కింద రిసీవర్ మాట్లాడుతోంది.

"హలో," అంటోంది హైమవతి. "ఎందుకో చెప్పలేదు మీరు."